ధ్రువీకృత సామాన్యుడు

మా జిల్లా విజ్ఞాన కేంద్రంలో 'ధ్రువీకృత సామాన్యుడు' అనే ఉద్యోగం ఎలా పుట్టిందో, ఆ ఉద్యోగంలో చేరిన వల్లెపు గురవయ్య దాన్ని ఎలా పోగొట్టుకున్నాడో చెబుతాను. నేను అక్కడే పనిచేస్తున్నాను కనుక ఇందులో విన్నదేమీ లేదు, అంతా కళ్లారా చూసిందే.

నా పేరు వకుళ. భూగర్భశాస్త్రం చదివాను. కేంద్రంలో నా హోదా ప్రదర్శన వ్యాఖ్యాత. వచ్చినవాళ్లకి బోర్డులు చూపిస్తూ గురుత్వాకర్షణ అంటే ఏమిటి, జీవపరిణామం అంటే ఏమిటి, భూమి వయసెంత అన్నవి వివరించడం నా పని. వచ్చేవాళ్లలో సగం మంది బడిపిల్లలు. మిగతా సగం ఎండకి తాళలేక పక్కనున్న బస్టాండు నుంచి లోపలికి వచ్చినవాళ్లు. నిజం చెప్పాలంటే ఈ రెండో సగమే శ్రద్ధగా వినేది. బస్సు వచ్చేదాకా వాళ్లకి వేరే పని ఉండదు.

ఒకరోజు రాజధాని నుంచి చాలా పెద్దాయన ఒకరు వచ్చారు. ఎంత పెద్దాయనంటే, ఆయన వచ్చే ముందు మా గోడలకే కాదు, మా డైనోసారు బొమ్మకి కూడా సున్నం వేశారు. భూమి పుట్టుక గురించి నేను ముప్పావుగంట చెప్పాను. ఆయన ప్రతి వాక్యానికీ తలూపారు. అంతా అయ్యాక అడిగారు.

"భూమి పుట్టి నాలుగు వందల అరవై కోట్ల ఏళ్లయిందన్నావు కదమ్మా. మరి ఈ బిల్డింగు కట్టి ఎన్నాళ్లయింది?"

"పదకొండేళ్లండీ."

"మరి అప్పటిదాకా భూమిని ఎక్కడ పెట్టారు?"

ఎవరూ నవ్వలేదు. నవ్వే స్థాయి వాళ్లెవరూ అక్కడ లేరు. పదిరోజులకి ఉత్తర్వు వచ్చింది.

"సామాన్యునికి అర్థము కాని విజ్ఞానము విజ్ఞానము కాజాలదు. కావున కేంద్రములోని అరువది బోర్డులను ఒక ధ్రువీకృత సామాన్యునికి వివరించి, 'అర్థమైనది' అని అతనిచే రిజిస్టరునందు సంతకము పొంది, పిమ్మట ఆ బోర్డుకు ముద్ర వేయవలెను. ఏడు మాసములలో ముద్ర పొందని విభాగములను మూసివేసి, సదరు వ్యాఖ్యాత సేవలను ముగించవలెను."

సామాన్యుడంటే ఎవరో చెప్పడానికి మూడు పేజీలు జతపరిచారు. సారాంశం ఏమిటంటే, చెప్పబోయే విషయం అతనికి ముందే తెలిసి ఉండకూడదు. తొమ్మిదో నిబంధన మరీ ముఖ్యమైనది: అంతా అర్థమైపోయిన మరుక్షణం అతను సామాన్యుడు కాకుండా పోతాడు.

మా డైరెక్టర్ అమృతలింగం గారు మత్స్యశాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. ఉత్తర్వు చదివి కళ్లద్దాలు తుడుచుకున్నారు. "చాలా సైంటిఫిక్‌గా ఉంది" అన్నారు.

ఇంటర్వ్యూకి నలభై మంది వచ్చారు. అందరికీ ఒకటే ప్రశ్న: చెట్టు మీది పండు కింద ఎందుకు పడుతుంది? ముప్పై మందికి పైగా 'భూమి ఆకర్షిస్తుంది' అని చెప్పి చేతులారా ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఒకాయన మాత్రం చేతులు కట్టుకుని, "నిరక్షరాస్యుడనైన నాకు ఆ విషయము అవగతము కాదండీ" అన్నాడు. ఆరా తీస్తే రిటైరైన హెడ్మాస్టరు. మోసం కింద కేసు పెట్టాలన్నారు డైరెక్టర్ గారు. నేను బతిమాలి పంపించేశాను.

చివర్లో గురవయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి. వెడల్పాటి చేతులు, అరిగిపోయిన మోకాళ్లు. వంశపారంపర్యంగా బావులు తవ్వే కుటుంబం. ఊళ్లోకి బోరు లారీలు వచ్చాక బావి తవ్వమని అడిగేవాళ్లు లేరు. రాత్రి కాపలా పనులు చేసి చేసి విసిగిపోయాడు.

"పండు కింద ఎందుకు పడుతుంది?" అన్నారు డైరెక్టర్ గారు.

గురవయ్య ఆయన వంక జాలిగా చూశాడు. "పండింది గదా సార్!"

డైరెక్టర్ గారు నా వైపు వంగి, "పూర్తి మార్కులు" అన్నారు.

తహసీల్దారు ఆఫీసు నుంచి అనవగాహన ధ్రువపత్రం తెప్పించాం. దాని గడువు ఆరు నెలలే. గడువు తీరాక మళ్లీ తెచ్చుకోవాలి. గురవయ్యకి ఒక కుర్చీ వేసి, నెత్తిన ఫ్యాను పెట్టి, ముందు బల్ల మీద 'సామాన్యుడు (ధ్రువీకృత)' అని ఇత్తడి పలక అమర్చాం. మొదటిరోజు ఫొటో తీయించుకునేవాడిలా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నాడు.

మొదటి బోర్డు గురుత్వాకర్షణ. భూమి అన్నిటినీ తన వైపు లాక్కుంటుందని చెప్పాను.

"అట్టాగైతే చందమామ ఎందుకు పడడమ్మా?" అన్నాడు.

పదేళ్లలో ఏ బడిపిల్లాడూ ఈ ప్రశ్న అడగలేదు. నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"పడుతూనే ఉన్నాడు బాబాయ్. నువ్వు గుట్టెక్కి రాయి విసిరితే కొంత దూరం పోయి పడుతుంది. ఇంకా గట్టిగా విసిరితే ఇంకా దూరం పోయి పడుతుంది. భూమి గుండ్రంగా ఉంది కదా. చాలా చాలా గట్టిగా విసిరావనుకో, రాయి కిందికి వంగుతూనే ఉంటుంది, దాని కింద భూమీ వంగిపోతూనే ఉంటుంది. రాయి పడుతుంది గానీ నేల తగలదు."

గురవయ్య కప్పు వైపు చూశాడు. "అంటే రేయింబవళ్లు పడతానే ఉండాడా? పాపం, ఎంత తిప్పలమ్మా ఆయనకి!" అని రిజిస్టరులో సంతకం పెట్టాడు.

వారంలో పన్నెండు బోర్డులకి ముద్ర పడింది. డైరెక్టర్ గారికి కంగారు పుట్టింది. "ఈ వేగంతో అర్థం చేసుకుంటే ఇతను సామాన్యుడిగా ఎన్నాళ్లు నిలుస్తాడమ్మా?" అని సచివాలయానికి రాశారు. అక్కణ్నుంచి స్పష్టీకరణ వచ్చింది.

"సదరు సామాన్యుడు తనకు అర్థమైన విషయములను ప్రతిదినము సాయంత్రము అయిదు గంటలకు కార్యాలయమున అప్పగించి ఇంటికి వెళ్లవలెను. మరుసటి దినము అవసరమైనచో రశీదుపై తిరిగి పొందవచ్చును."

గురవయ్య నోరు తెరిచాడు. "ఎట్టా అప్పగించేది సార్?"

"బోర్డు నంబరు రాసి సంతకం పెట్టవయ్యా. మిగతాది శాఖ చూసుకుంటుంది" అన్నారు డైరెక్టర్ గారు. ఆ కాగితాల కోసం ఒక ఇనప బీరువా కొన్నారు. తాళంచెవి ఆయన జేబులోనే.

గురవయ్య నిజాయితీపరుడు. మూడో రోజు పొద్దున్నే వచ్చి ఒప్పేసుకున్నాడు. "ఇంటికి పోతా పోతా చందమామని చూశా సార్. అప్పగించిందంతా మళ్లీ వచ్చేసింది."

అనుమతి లేకుండా చంద్రుని చూచినందుకు సంజాయిషీ కోరుతూ మెమో ఇచ్చారు. అమావాస్య మినహా మిగతా రోజుల్లో తలవంచుకుని ఇంటికి వెళ్లాలని సలహా కూడా జతపరిచారు. గురవయ్య రెండురోజులు అలాగే వెళ్లి, మూడో రోజు కరెంటు స్తంభానికి గుద్దుకున్నాడు. నుదుటి మీద బొప్పితో వచ్చినవాణ్ణి చూసి నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం నవ్వాడు. "స్తంభం పడలేదమ్మా. నేనే పడ్డా. భూమికి నామీదే మక్కువ."

ముప్పై ఒకటో బోర్డు జీవపరిణామం. మత్స్యశాఖ మనిషి కనుక డైరెక్టర్ గారు స్వయంగా పర్యవేక్షణకి వచ్చారు. బోర్డు మీద పెద్ద చెట్టు బొమ్మ, కొమ్మ కొమ్మకీ ఒక జీవి.

"చేపల్లోంచి కాళ్లున్న జంతువులు రావడానికి ఎన్నాళ్లు పట్టిందమ్మా?"

"కోట్ల ఏళ్లు సార్."

"ఫైలు ఎక్కడ ఆగింది?"

జవాబు కోసం ఆగకుండా ఆయన జేబులోంచి పెన్ను తీసి తన సొంత ముసాయిదా రాశారు: చేప, కప్ప, బల్లి, కోతి, మనిషి, గెజిటెడ్ మనిషి. "ఇలా సీనియారిటీ ప్రకారం నిచ్చెన బొమ్మ వేయండి. సామాన్యుడికి పదోన్నతి అంటే తేలిగ్గా తలకెక్కుతుంది."

"ఇది పదోన్నతి కాదు సార్. కోతి మనిషిగా మారలేదు. కోతులకీ మనకీ ఎప్పుడో ఒకే పూర్వీకులు ఉండేవాళ్లు. అక్కణ్నుంచి వాటి దారి వాటిది, మన దారి మనది."

"అది సామాన్యుడికి అర్థం కాదమ్మా."

కుర్చీలోంచి గురవయ్య గొంతు సవరించుకున్నాడు. "మా చిన్నాయన కొడుకులూ నేనూ ఒకే తాత బిడ్డలం సార్. వాళ్లు కనిగిరి పోయినారు, మేం ఈడుండాం. అంతేగానీ మా చిన్నాయన కొడుకు నేనుగా మారలా గదా? నిచ్చెనెందుకు, అమ్మాయి చెట్టే వేసింది గదా."

డైరెక్టర్ గారు "సరే, మరి మార్పు ఎలా జరిగింది? ఎవరి ఆర్డరు మీద?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా గురవయ్యే అందుకున్నాడు. "పెద్ద కరువొచ్చిన ఏడు మా ఊళ్లో పొట్టికాళ్ల మేకలు చచ్చినాయి. కొమ్మలందుకునేవి బతికినాయి. మరుసటేడు పుట్టిన పిల్లలు శానా మటుకు పొడుగుకాళ్లయే. ఏ మేకకీ ఎవురూ ఆర్డరియ్యలా సార్. చచ్చేయి చచ్చినాయి, మిగిలినయి ఈనినాయి."

"ఉత్తర్వు లేకుండా జరిగిన మార్పు చెల్లదు" అన్నారు డైరెక్టర్ గారు గంభీరంగా. అయినా గురవయ్య సంతకం పెట్టేశాడు కనుక ముద్ర వేయక తప్పలేదు. ముద్ర కింద ఆయన తన దస్తూరీతో 'ప్రభుత్వ ఆమోదమునకు లోబడి' అని రాశారు. మా కేంద్రంలో జీవపరిణామం ఇవాళ్టికీ ఆమోదానికి లోబడే జరుగుతోంది.

అరవయ్యోది అసలు బోర్డు కాదు, ఒక పొడుగాటి వసారా. నలభై ఆరు మీటర్లు. భూమి చరిత్ర మొత్తాన్ని గోడ వెంట బొమ్మలుగా వేయించాను. ఒక్కో మీటరు పది కోట్ల ఏళ్లు. మొదట్లో నిప్పు ముద్ద, తర్వాత సముద్రాలు, ఆ తర్వాత చాలా దూరం కంటికి కనపడని జీవులు తప్ప ఏమీ లేవు. డైనోసార్లు అంతరించింది చివరి గుమ్మానికి రెండడుగుల ముందు. మనిషి పుట్టింది గుమ్మానికి మూడు మిల్లీమీటర్ల ముందు.

గురవయ్య ఆ గోడ పక్కన కాలు ఈడ్చుకుంటూ చివరిదాకా నడిచాడు. ఆగి, నన్ను పక్కకి పిలిచాడు.

"అమ్మా, ఒక మాట అడుగుతా. వయసులో ఉన్నప్పుడు ఉప్పలదిన్నెలో ఒక బావి తవ్వినా. సముద్రం ఆడికి పదిహేను మైళ్లు. నలభై అడుగుల లోతులో గవ్వలు దొరికినాయి, గంపెడు. ఎవురు పోసినారని ఊరంతా అడిగినా. దయ్యాలన్నారు, తాగొచ్చినానన్నారు. నువ్వు చెప్పు, ఆ గవ్వలు ఎవురియి?"

"సముద్రానివే బాబాయ్. ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా ఉండేది. తర్వాత వెనక్కి పోయింది. ఏళ్ల తరబడి వాగులూ నదులూ మట్టి తెచ్చి దాని మీద పోశాయి. నువ్వు ఆ మట్టంతా తవ్వి సముద్రం అడుక్కి దిగావు."

"ఎన్నేళ్ల కిందటి మాట?"

"ఆరేడు వేల ఏళ్లు అయ్యుండొచ్చు."

"ఈ గోడ మీద ఎంత?"

నేను లెక్కేసి చెప్పాను. "ఒక వెంట్రుక మందం."

గురవయ్య గుమ్మం పక్కన గోడని అరచేత్తో తడిమి, అక్కడే చతికిలబడ్డాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాను. ఆయన పెన్ను పట్టుకుని ఆగిపోయాడు.

"ఇది పెడితే అరవయ్యీ అయినట్టే గదమ్మా?"

అవును. తొమ్మిదో నిబంధన. ఆ ఒక్క సంతకంతో ఫ్యానూ కుర్చీ పోయి మళ్లీ రాత్రి కాపలా. పెట్టకపోతే ఏడో నెల తనిఖీ నాటికి వసారా మూత, నా ఉద్యోగం హరీ. ఆయనకి రెండూ తెలుసు.

"ఇంకా అర్థం కాలా" అన్నాడు తల దించుకుని.

మర్నాడు మళ్లీ చెప్పాను. అర్థం కాలేదన్నాడు. పదహారు రోజులు అదే పాఠం చెప్పాను. రోజురోజుకీ ఆయన ప్రశ్నలు పదునెక్కాయి. ఈ రాయి కంటే ఆ రాయి పాతదని ఎట్టా తెలిసింది? కింద ఉన్నదే పాతదైతే మరి కొండ మీద గవ్వలెందుకు దొరుకుతాయి? ప్రతి ప్రశ్నకీ జవాబు విని, ఆనందంగా తలూపి, "అర్థం కాలా" అనేవాడు. నాకు కోపమూ వచ్చేది, జాలీ వేసేది. ఊళ్లో ఆయన భార్య తిరపతమ్మని ఇప్పుడు అందరూ 'సామాన్యుడి గారి భార్య' అంటున్నారట. ఆ మాట నాకు రోజూ చెప్పేవాడు. అందుకే ఎన్నడూ గట్టిగా అడగలేకపోయాను.

తనిఖీకి ముందురోజు డైరెక్టర్ గారు వసారాలోకి ఇద్దరు పెయింటర్లని పంపారు. గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి పదిహేను మీటర్ల గోడకి తెల్లరంగు కొట్టించి, దాని మీద 'శాఖ సాధించిన ప్రగతి' అని రాయించారు. చేపలు, డైనోసార్లు, పక్షులు, పూలమొక్కలు, మనుషులు, అన్నీ ఆ రంగు కిందికి పోయాయి.

తనిఖీకి వచ్చిన ప్రిన్సిపల్ సెక్రటరీ గారు నడివయసు ఆవిడ. పొద్దుటి నుంచి అది నాలుగో తనిఖీ అట, ముఖంలో అలసట కనబడుతోంది. డైరెక్టర్ గారు వంగి వంగి నడుస్తూ ఆవిణ్ణి వసారా చివరిదాకా తీసుకెళ్లారు.

"మేడం, ఇది భూగోళ ఆవిర్భావము మొదలు శాఖాభివృద్ధి పర్యంతము సమగ్ర దృశ్యమాలిక. కొలత ప్రకారం, పూర్తి శాస్త్రీయంగా."

"కొలత ప్రకారమేనా?" అన్నారావిడ.

"సెంట్ పర్సెంట్ మేడం."

కుర్చీ కిర్రుమంది. గురవయ్య లేచి నిలబడ్డాడు.

"తప్పు సార్."

డైరెక్టర్ గారు వెనక్కి తిరిగారు. "కూర్చోవయ్యా. నీకు అర్థం కాదు."

"అర్థమైంది సార్. పదహారు రోజుల కిందటే అయింది." అన్నాడు గురవయ్య. "అబద్ధమాడినా. అది నా కడుపు కోసం. కానీ కొలత అబద్ధమాడితే ఊరుకోలేను సార్. మా పనిలో లోతు తప్పు చెబితే తాడు చాలదు. కిందున్నోడు చస్తాడు. మా అన్న అట్టాగే పోయినాడు."

 సెక్రటరీ గారు చేత్తో డైరెక్టర్ని ఆపి, "చెప్పు పెద్దాయనా" అన్నారు.

గురవయ్య ఆవిణ్ణి వసారా మొదటికి తీసుకెళ్లాడు. నిప్పు ముద్ద దగ్గర మొదలుపెట్టి అడుగడుగునా ఆగి చెప్పుకుంటూ వచ్చాడు. నా మాటలేమీ వాడలేదు. వాన పడీ పడీ సముద్రాలు ఎట్టా నిండాయో బావిలో నీరూరినట్టు చెప్పాడు. బస్టాండు నుంచి వచ్చినవాళ్లు సంచులతో సహా వెనకాలే నడిచారు. ముప్పై ఒక్క మీటర్లు నడిచేసరికి తెల్లగోడ వచ్చింది.

"ఇది పదిహేను మీటర్లమ్మా. మీటరుకి పది కోట్ల లెక్కన నూటయాభై కోట్ల ఏళ్లు. అంటే మీ శాఖ మొదలైనప్పటికి చేప గూడా పుట్టలా."

ఆ మాట మత్స్యశాఖకి తగిలినంతగా ఇంకెవరికీ తగల్లేదు. డైరెక్టర్ గారు గోడ పట్టుకున్నారు.

గురవయ్య గుమ్మం దగ్గర ఆగి, తలలోంచి ఒక తెల్ల వెంట్రుక పీకి గోడ అంచుకి నిలువుగా ఆనించాడు. "ఉప్పలదిన్నెలో సముద్రం ఉన్న నాటి నుంచి ఈనాటి దాకా ఇంతేనమ్మా. మన తాతలు, వాళ్ల తాతలు, రాజులు, వాళ్ల యుద్ధాలు, దాదాపుగా అందరూ ఈ వెంట్రుకలోనే ఉండారు."

సెక్రటరీ గారు కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశారు.  "ఇన్నాళ్లూ ఇది నాకెవరూ చెప్పలేదు" అన్నారు మెల్లిగా. తర్వాత రిజిస్టరు అడిగారు. గురవయ్య అరవయ్యో సంతకం పెట్టాడు. తెల్లరంగు గీకించమని, వసారా తెరిచే ఉంచమని ఆవిడ అక్కడికక్కడే రాసేశారు. నా ఉద్యోగం నిలబడింది.

కానీ డైరెక్టర్ గారు తేరుకున్నారు. "మేడం, తొమ్మిదో నిబంధన ప్రకారం ఇతను ఈ క్షణం నుంచి సామాన్యుడు కాడు. పైగా అర్థమైన విషయాన్ని పదహారు రోజులు అప్పగించకుండా ఇంటికి పట్టుకుపోయాడు."

సెక్రటరీ గారు ఉత్తర్వు తిరగేశారు. తొమ్మిదో నిబంధన కింద తన సంతకమే ఉంది. నిట్టూర్చారు. "నిబంధన అయితే అలాగే ఉంది. కొత్త మనిషిని వెతకాలి. ఇంతకీ ఈ బిల్డింగులో ఏమీ అర్థం కానివాళ్లు ఇంకా ఎవరైనా మిగిలారా?"

స్వీపర్ నాగేంద్రమ్మని అడిగారు. ఊడుస్తూ ఊడుస్తూ విని నేర్చుకుందట, చందమామ పడడం గురించి గడగడా చెప్పేసింది. వాచ్‌మన్‌కి జీవపరిణామం కంఠతా వచ్చు. బస్టాండు జనం కూడా పనికిరాలేదు. ఇప్పుడే అంతా వినేశారు. అప్పుడు అందరి వెనక నుంచి ఒక చెయ్యి లేచింది.

"నేను మేడం" అన్నారు డైరెక్టర్ గారు వినయంగా. "ఏడు నెలలుగా ప్రతి బోర్డునీ దగ్గరుండి పర్యవేక్షించాను. ఒక్క ముక్క అర్థం కాలేదు."

నేను సాక్ష్యం చెప్పాను. డైరెక్టర్ గారికి సామాన్యుడిగా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తూ ఉత్తర్వు వెలువడింది. ఇప్పుడు పొద్దున పూట ఆయన డైరెక్టరు, మధ్యాహ్నం నుంచి సామాన్యుడు. ఆయనకి అర్థమైపోతుందన్న భయం లేదు కనుక ఆ పోస్టు శాశ్వతం చేయడానికి ప్రతిపాదనలు వెళ్లాయి.

గురవయ్యకి విడుదల ఉత్తర్వు మర్నాడు చేతికిచ్చారు. నేను గేటుదాకా వెంట వెళ్లాను. "నా వల్లే బాబాయ్" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. కాగితం నా చేతిలో పెట్టి, "ఏం రాసినారో చదవమ్మా" అన్నాడు.

"'శ్రీ వల్లెపు గురవయ్య గారు ఇకపై సామాన్యుడు కాదని ప్రభుత్వము ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది' అని రాశారు."

"గవర్నమెంటే రాసిందా ఆ మాట? సీలుందా?"

"ఉంది బాబాయ్, గుండ్రంగా."

ఆయన కాగితాన్ని మడత పడకుండా రెండు అరచేతుల మధ్య పెట్టుకున్నాడు. బజారు వైపు రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగాడు.

"ఈడ ఫొటోలకి అద్దం కట్టేవోళ్ల కొట్టు ఎక్కడుందమ్మా? మా తిరపతమ్మకి చూపియ్యాల."